మ్యాపుల సదస్సులో ముచ్చట గంట: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: ఓపెన్ సోర్స్ మ్యాపు సాఫ్ట్‌వేర్ల సదస్సు ఫాస్4జీకి మొదటిసారి వెళ్తున్నాను. ప్రసంగాలు, వర్క్‌షాపులు అంటే తెలుసు గానీ కార్యక్రమ పట్టికలో సాయంత్రం పూట ‘బోఫ్’ అని వేశారు. అదేమిటి? నేను కూడా స్లైడ్లు తయారు చేసుకోవాలా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: స్లైడ్ల జోలికి పోకండి. ‘బర్డ్స్ ఆఫ్ ఎ ఫెదర్’కి పొట్టి పేరు బోఫ్. మనం ‘ఒకే గూటి పక్షులు’ అంటాం చూడండి, అదే. ఒకే తలనొప్పి ఉన్న పది పదిహేను మంది ఓ గదిలో గంటసేపు కూర్చుని మాట్లాడుకోవడం. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఐఈటీఎఫ్‌లో ఈ మాటకి బరువెక్కువ. ఫలానా పనికి కొత్త వర్కింగ్ గ్రూప్ అవసరమా అని తేల్చుకోవడానికి అక్కడ బోఫ్ పెడతారు, దాన్ని సవ్యంగా జరపడమెలాగో చెప్పే ఆర్‌ఎఫ్‌సీ 5434 అనే పత్రం కూడా 2009లో వచ్చింది. ఓఎస్‌జియో ఫౌండేషన్ ఛత్రం కింద జరిగే ఫాస్4జీలో ఆ పట్టింపులు లేవు. 2023లో కొసావోలోని ప్రిజ్రెన్‌లోనూ, 2024లో బ్రెజిల్‌లోని బెలెమ్‌లోనూ, 2025లో ఆక్లాండ్‌లోనూ జరిగిన సదస్సు ఇదే.

ప్రసంగం తర్వాత అయిదు నిమిషాల ప్రశ్నల సమయంలో ఇమడని సంగతులకి ఈ గంట పుట్టింది. ‘ఎవరెస్ట్ డేటమ్ అనే పాత భూకొలతల ఆధారంలో ఉన్న టోపో షీట్లని జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్84కి మార్చితే మా జిల్లాలో చెరువు గట్టు పక్కకి జరిగి కూర్చుంటోంది, మీరే పారామీటర్లు వాడుతున్నారు?’ అని మైకులో అడిగితే హాల్లో సగం మంది ఫోన్లు తీస్తారు. అదే మాట ఆ పని చేసేవాళ్ల మధ్య అడిగితే నలుగురు నాలుగు అంకెలు చెబుతారు. మీరు పట్టుకెళ్లాల్సింది అలాంటి ప్రశ్న ఒక్కటి, దానికి తగ్గ నమూనా ఫైలు ఒకటి.

ప్రశ్న: మా కాలేజీలో రెండు రోజుల ఓపెన్ సోర్స్ జీఐఎస్ (కంప్యూటర్ మ్యాపుల) సమావేశం పెడుతున్నాం. 200 మంది నమోదయ్యారు. బోఫ్ చర్చలు పెట్టాలంటే ఎన్ని గదులు, ఏ వేళ, ఏమేం సామాను?
– ఒక నిర్వాహకుడు, విజయవాడ

జవాబు: ముందు వేళ తేల్చండి, గదుల లెక్క తర్వాత. మొదటి రోజు చివరి ప్రసంగం 5 గంటలకి ముగిస్తే, టీకి ఇరవై నిమిషాలిచ్చి 5:20 నుంచి 6:20 దాకా పెట్టండి. భోజన విరామంలో కానిచ్చేద్దామని కమిటీలో ఎవరో ఒకరు అంటారు. ఒప్పుకోవద్దు. బిర్యానీ వరసలోనే అరగంట పోతుంది, వచ్చినవాళ్ల చేతిలో ప్లేటుంటుంది, పెన్ను పట్టే చెయ్యి ఖాళీ ఉండదు. రెండో రోజు సాయంత్రం ఇంకా కష్టం, నాలుగింటికే జనం బ్యాగులు సర్దుకుని రైలు టైము చూసుకుంటారు. రెండో విడత కావాలంటే రెండో రోజు పొద్దున 11:30కి ప్రసంగాలన్నీ ఆపి పెట్టండి. ప్రసంగాలకి పోటీగా పెడితే చర్చే ఓడిపోతుంది, ఎందుకంటే గదిలో ఉండాల్సిన మనిషి అదే సమయానికి వేదిక మీద ఉంటాడు.

200లో సాయంత్రానికి సగం మంది మిగులుతారనుకోండి. గదికి 12 నుంచి 20 మంది చొప్పున ఆరు గదులు చాలు, ఒకటి అదనంగా చేతిలో ఉంచుకోండి. 25 దాటితే కుర్చీలు రెండు వరసలవుతాయి. వెనక వరసవాళ్లు ప్రేక్షకులైపోయి నోరు విప్పరు.

గది అంటే ఏ గదైనా కాదు. మెట్లుమెట్లుగా ఉండే గ్యాలరీ హాలు, నేలకి బిగించిన బెంచీలున్న క్లాసు రూము పనికిరావు. డ్రాయింగ్ హాలు, లైబ్రరీ రీడింగ్ రూము, స్టాఫ్ రూము అడగండి. విడి కుర్చీలు గుండ్రంగా వేయించండి. ప్రొజెక్టర్ ఉంటే దాని రిమోట్ మీ దగ్గర పెట్టుకోండి. తెర వెలిగితే కుర్చీలన్నీ అటు తిరుగుతాయి, ఒకరు మాట్లాడతారు, మిగతావాళ్లు వింటారు, బోఫ్ కాస్తా ఇంకో ప్రసంగమవుతుంది. గదికొక వైట్‌బోర్డు (లేకపోతే నాలుగు చార్టులు, టేపు), రెండు మార్కర్లు, ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సు, అందరికీ కనబడే గోడ గడియారం ఉండాలి. మార్కర్లు కొనేటప్పుడు మీద ‘పర్మనెంట్’ అని లేదు కదా అని చూడండి. పొరపాటున దానితో రాసేస్తే, ఆ గీతల మీదే వైట్‌బోర్డు మార్కర్‌తో దిద్ది వెంటనే తుడిస్తే చాలావరకు పోతుంది.

అందరూ మరిచిపోయేది వాచ్‌మన్‌ని. కాలేజీ బ్లాకులకి చాలాచోట్ల ఆరింటికి తాళం పడుతుంది. ఏ గదులు, ఎన్నింటి దాకా అన్నది ప్రిన్సిపాల్ సంతకంతో ఒక కాగితం తెచ్చి, ఒక కాపీ వాచ్‌మన్‌కి, ఒకటి కరెంటు చూసే మనిషికి ఇవ్వండి. టీ వంద మందికి, కప్పుకి 100 మిల్లీలీటర్ల లెక్కన 10 లీటర్ల క్యాను. దాన్ని వరండాలో పెట్టించండి. గదిలోకి వస్తే చర్చ మధ్యలో జనం లేస్తారు.

ఇక పట్టిక. రిజిస్ట్రేషన్ బల్ల పక్కన పెద్ద చార్టు మీద పైన గదులు, పక్కన వేళలు రాసి గళ్లు గీయండి. అంటించే చిన్న చీటీలు ఫ్యాను గాలికి రాలిపోతాయి, సగం ఏ4 కాగితాలు, మాస్కింగ్ టేపు వాడండి. కాగితం మీద నాలుగే సంగతులు: ప్రశ్న, నడిపేవారి పేరు, ఎవరికి ఉపయోగం, ఏ భాషలో. మ్యాపులు చేసే సాఫ్ట్‌వేర్ ఉంది కదా, ఊరికే ‘క్యూజీఐఎస్ గురించి’ అని రాసినవాళ్లకి కాగితం తిరిగిచ్చేయండి. ‘క్యూజీఐఎస్ ఎల్‌టీఆర్ (దీర్ఘకాలం నిలిచే వెర్షన్) మారినప్పుడు ఆఫీసులో 40 మెషీన్ల ప్లగిన్లు విరగకుండా ఎలా?’ అంటే రావాల్సినవాళ్లు వస్తారు. కాగితాలకి గడువు మొదటి రోజు మధ్యాహ్నం 2 గంటలు. ఆ తర్వాత ఒక్కరే, కమిటీ కాదు, కూర్చుని ఒకేలాంటివి కలపాలి. రెండు చర్చలకీ కావాల్సిన మనిషి ఒక్కడే అయితే వేళలు మార్చాలి. ముగ్గురే వచ్చిన చర్చని రద్దు చేయకండి. చిన్న గదికి పంపండి, ఆ ముగ్గురిదే తరచు మంచి చర్చ అవుతుంది.

ప్రశ్న: ఒకసారి బోఫ్ నడిపాను. ఇద్దరు సీనియర్లు వాదించుకున్నారు, మిగతా పదహారు మంది చూస్తూ కూర్చున్నారు. గంటని ఎలా పంచాలి?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: ఆ ఇద్దరిలో ఒకరికి బోర్డు మీద రాసే పని ఇవ్వండి. రాసేవాడు వాదించలేడు. విషయం మీద గట్టి అభిప్రాయమున్న మనిషిని నడిపే కుర్చీలో మాత్రం కూర్చోబెట్టకండి. నడపడానికి ఒకరు, రాయడానికి ఒకరు, గడియారానికి ఒకరు, మొత్తం ముగ్గురు చాలు.

మొదటి 5 నిమిషాలు ప్రశ్నని బోర్డు మీద రాసి చదవండి. తర్వాత 10 నిమిషాలు పరిచయాలు: 20 మంది, తలకి 30 సెకన్లు, ‘పేరు, ఏం పని, దీంతో నాకేం ఇబ్బంది’ అంతవరకే. ఉద్యోగ చరిత్ర మొదలెడితే గడియారం మనిషి చెయ్యెత్తాలి. పరిచయాల్లో విన్న ఇబ్బందుల్ని రాసేవారు బోర్డు మీద పెడుతూ పోతే చర్చకి పట్టిక దానంతటదే తయారవుతుంది. అరగంట చర్చ. 45వ నిమిషంలో ఎంత రసవత్తరంగా ఉన్నా ఆపి, ‘ఎవరు, ఏం, ఎప్పటికి’ అనే మూడు గడులు గీయండి. ఈ గడులు ఖాళీగా మిగిలాయంటే ప్రశ్న మరీ వెడల్పుగా పెట్టారన్నమాట. చివరి అయిదు నిమిషాలు గది ఖాళీ చేయడానికి.

ప్రశ్న: వెబ్ మ్యాపుల్లో తెలుగు ఊరి పేర్లు విరిగిపోతున్నాయి. దీని మీద చర్చ పెట్టాలని ఉంది. ఏం సిద్ధం చేసుకోవాలి?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: మంచి విషయం, కానీ ‘తెలుగుకి అన్యాయం’ అని మొదలెడితే గంటంతా ఆవేదనే మిగులుతుంది. కారణం పట్టుకోండి. ‘శ్రీకాకుళం’లో మొదటి అక్షరం కంప్యూటర్‌కి నాలుగు కోడ్లు: శ, పొల్లు, ర, గుడి దీర్ఘం. వాటిని కలిపి, రకారాన్ని క్రావడిగా కిందికి దించి, గుడి దీర్ఘాన్ని శ తలమీద పెట్టే పని షేపింగ్ ఇంజిన్‌ది. మ్యాపు బొమ్మలు గీసే మ్యాప్‌నిక్, మ్యాప్‌సర్వర్ దీనికి హార్ఫ్‌బజ్ అనే ఇంజిన్‌ని వాడతాయి. వెబ్ పేజీలో మ్యాపు చూపే ఓపెన్‌లేయర్స్ మామూలుగా బ్రౌజర్‌కే వదిలేస్తుంది, అందుకే ఈ మూడింటిలో పేరు బాగానే వస్తుంది. వెక్టర్ టైల్స్ (బొమ్మగా కాక గీతల డేటాగా వచ్చే మ్యాపు ముక్కలు) గీసే మ్యాప్‌లిబ్రే తరహా లైబ్రరీలు వేరే దారి పట్టాయి. అవి మామూలుగా అక్షరాల బొమ్మల్ని యూనికోడ్ అంకెల వరసలో కట్టకి 256 చొప్పున ముందే తయారుచేసి ఉంచుకుంటాయి. తెలుగు 3072–3327 కట్టలో ఉంటుంది. క్రావడికి, ఒత్తులకి విడి అంకెల్లేవు కాబట్టి ఆ కట్టలో వాటికి చోటే లేదు. విరిగేది అక్కడ. ఫాంటు మార్చితే బాగుపడదని దీన్నిబట్టే తెలుస్తుంది, చర్చలో మొదటి పావుగంట మిగులుతుంది.

పట్టుకెళ్లాల్సింది రెండు కాగితాలు. ఒకే ప్రాంతాన్ని క్యూజీఐఎస్‌లోనూ, వెక్టర్ టైల్ మ్యాపులోనూ గీయించి పెద్దక్షరాల్లో ప్రింటు తీయండి. శ్రీకాకుళం, కర్నూలు, సిద్దిపేట, మచిలీపట్నం తప్పకుండా ఉండాలి. ఒంగోలు కూడా చేర్చండి. ఒత్తు లేదు కాబట్టి అది పెద్దగా విరగదు, పోలికకి పనికొస్తుంది. తెలుగు రాని డెవలపర్‌కి ఏది తప్పో వేలు పెట్టి చూపించాలంటే కాగితమే నయం. ప్రశ్న ఇలా రాయండి: ‘ఒత్తులున్న 40 ఊరి పేర్లతో పరీక్ష ఫైలు ఎవరు చేస్తారు, ఏ రిపాజిటరీలో పెడదాం?’ అందరూ కలిసి గీసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో తెలుగు పేరుండే నేమ్:టీఈ ట్యాగులో అక్షరదోషాలు దిద్దడం వేరే పని, దాన్ని ఇందులో కలపకండి.

ప్రశ్న: విదేశాల్లో ఉన్నవాళ్లం ఆన్‌లైన్‌లో కలవొచ్చా?
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: గదిలో చర్చకి ల్యాప్‌టాప్ తగిలించి కలపడం వద్దు. గుండ్రంగా కూర్చున్న ఇరవై మందిలో దాని మైకుకి దగ్గరి ముగ్గురే వినిపిస్తారు. పూర్తి ఆన్‌లైన్ చర్చ విడిగా పెట్టమనండి. భారత సమయం రాత్రి 7:30 అంటే యూటీసీ 14:00, డాలస్‌లో శీతాకాలం పొద్దున 8, వేసవిలో 9.

ప్రశ్న: మేం ప్రభుత్వ శాఖలో పనిచేస్తాం. నోరు విప్పితే పేరుతో బయటికి వస్తుందేమోనని భయం.
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: మొదట్లోనే చాటమ్ హౌస్ నియమం అడగండి. 1927 నాటిది: విన్న విషయం వాడుకోవచ్చు, ఎవరన్నారో, ఏ సంస్థ వాళ్లో చెప్పకూడదు. దాన్ని బోర్డు మీద ఒక మూల రాయించండి, రికార్డింగు, మనుషుల ఫొటోలు వద్దనండి. చివర్లో బోర్డుని ఫొటో తీస్తారు కాబట్టి, ‘ఎవరు, ఏం, ఎప్పటికి’ గడుల్లో మీ పేరు వద్దనుకుంటే పని ఒప్పుకున్న ఇంకొకరి పేరు రాయించండి.