పక్కవాళ్లు నొక్కితే మన లైటు వెలిగింది

ప్రశ్న: ఆరేళ్లుగా పెళ్లిళ్లు తీస్తున్నాను మేడమ్. హైదరాబాద్ వచ్చి మోడల్స్‌కి, కొత్త హీరోయిన్లకి గ్లామర్ పోర్ట్‌ఫోలియోలు తీయాలని ఉంది. సొంత స్టూడియో పెట్టే స్తోమత లేదు. అద్దె షూటింగ్ ఫ్లోర్‌లో ఇంకో ఇద్దరు ముగ్గురితో కలిసి చేయాలంటున్నారు. అక్కడ రోజు ఎలా గడుస్తుంది?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: పోయిన గురువారం నాకు ఎలా గడిచిందో చెబుతాను తమ్ముడూ.

కృష్ణానగర్ దగ్గర పెద్ద షెడ్డు. మూడు భాగాలు చేసి అద్దెకిస్తారు. మధ్యలో నల్లగుడ్డ తెరలే తప్ప గోడల్లేవు. ఒక పక్క చీరల కేటలాగ్, ఇంకో పక్క నగల షూట్, నడుమ నేను. షిఫ్ట్ తొమ్మిదింటికైనా ఏడున్నరకే వెళ్లాను. ముందురోజు ఎవరో బూట్లతో తొక్కిన తెల్లనేలని తుడిపించి, తుడిస్తే పోని మరకల మీద ఇంకో పూత వేయించాలి. లేకపోతే ఆ మరకని ప్రతి ఫొటోలోనూ కూర్చుని చెరుపుకోవాలి.

పదిన్నరకి మేకప్ ముగించుకుని అమ్మాయి వచ్చి నిలబడింది. నాలుగు ఫ్రేములు బాగా వచ్చాయి, ఐదోది చీకటి. ఆరోది బాగుంది, ఏడోది మళ్లీ చీకటి. ఫ్లాష్ ట్యూబు పోయిందన్నాడు లైట్‌బాయ్. కాదు. కెమెరా మీద ఉండి, వైరు లేకుండా ఫ్లాష్‌ని వెలిగించేది ట్రిగ్గర్. చీరలవాళ్ల ట్రిగ్గరూ మాదీ ఒకే చానల్‌లో ఉన్నాయి. వాళ్లు నొక్కినప్పుడల్లా మా ఫ్లాష్ వెలుగుతోంది. అది మళ్లీ చార్జ్ అయ్యేలోపు నేను నొక్కితే వెలుతురు చాలడం లేదు. తెర తీసుకుని వెళ్లి "అన్నా, మీది ఏ చానల్?" అని అడిగితే నిమిషంలో తేలిపోయింది. నువ్వు ఫ్లోర్‌లో అడుగుపెట్టగానే ఆ మాట అడిగేసెయ్.

ఇలాంటివన్నీ నెలరోజుల్లో పట్టుబడతాయి. నేను నీకు గట్టిగా చెప్పాలనుకున్నది ఆ తెల్లనేల మీద నిలబడ్డ మనిషి గురించి.

నగలవాళ్ల లైట్లు ఆరకుండా వెలుగుతూనే ఉంటాయి కాబట్టి వాళ్లకి ఉక్క. ఏసీ 18లో పెట్టారు. షెడ్డంతటికీ అదొక్కటే. మా అమ్మాయి చేతుల్లేని గౌనులో ఉంది. కెమెరాలో పెద్దది చేసి చూస్తే భుజం నుంచి మోచేతి దాకా రోమాలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. "చలేస్తోందా తల్లీ?" అంటే "పర్లేదు మేడమ్" అంది. కొత్తపిల్లలు ఎప్పుడూ పర్లేదనే అంటారు, ఆ మాట నమ్మకు. శాలువా కప్పి కూర్చోబెట్టాను. నగలవాళ్లు భోజనానికి లేచిన ముప్పావుగంటలో ఏసీ తగ్గించుకుని గౌను ఫొటోలన్నీ తీసేశాం. మేం తినేసరికి మూడైంది.

ముందురోజే ఫోన్ చేసి, వదులు బట్టలు వేసుకుని రమ్మని చెప్పు. నాడా, సాక్సు, ఎలాస్టిక్ ఒత్తుకున్న గీతలు అరగంటకి కూడా పోవు.

నేను మద్రాసులో అసిస్టెంటుగా ఉన్నప్పుడు 120 ఫిల్మ్ రోలు వేస్తే మా కెమెరాకి 12 ఫ్రేములే. రోలు మార్చే ఆ కాసేపూ మోడల్ భుజాలు దించుకునేది, ఓ గుక్క నీళ్లు తాగేది. ఇప్పుడు కార్డులో వేల ఫొటోలు పడతాయి, ఆ కాసేపు కాస్తా పోయింది. అందుకే ఇరవై నిమిషాలకోసారి నేనే కెమెరా కింద పెడతాను. లిప్‌స్టిక్ చెదరకుండా సీసాలో స్ట్రా వేసి ఇస్తాను.

నాలుగింటికి తెర సందులో ఫోన్ కనిపించింది. పక్క యూనిట్ కుర్రాడు వీడియో తీస్తున్నాడు. షూట్ ఆపేశాను. వాళ్ల మేనేజర్‌ని పిలిపించి, మా అమ్మాయి కళ్ల ముందే ఆ వీడియోని చెరిపించేశాను, ట్రాష్‌లోంచి కూడా. అరగంట అద్దె పోయింది. ఆ పిల్ల మొహంలో మళ్లీ నవ్వు రావడానికి ఇంకో అరగంట పట్టింది. ఆ నవ్వు రాకుండా తీసినవి నేను ఆల్బమ్‌లో పెట్టను.

అప్పటినుంచి తెర సందులకి క్లిప్పులు పెట్టిస్తున్నాను. ఫొటోలు పడే లాప్‌టాప్‌ని దారివైపు ఉంచకు. బట్టలు మార్చుకునే గదిలోకి నీ యూనిట్‌లోని ఆడమనిషిని ముందు పంపి, గడియ పడుతోందో లేదో చూడమను. అక్కడ చాటుగా తీస్తే భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద మొదటిసారికే ఏడాదికి తక్కువ కాకుండా మూడేళ్ల దాకా జైలు. నీ కుర్రాళ్లకి ఈ సంగతి పొద్దున్నే చెప్పు.

తొమ్మిదికి ప్యాకప్. లైట్లు ఆర్పాక అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని అన్నీ చూపించాను. తనకి నచ్చనివి పదిహేడు. వాటిలో రెండు నాకు చాలా ఇష్టమైనవి. ఆ పదిహేడూ చెరిపేశాను.

ప్రశ్న: మా అమ్మాయికి పంతొమ్మిదేళ్లు. పోర్ట్‌ఫోలియోకి డబ్బు కట్టాం. ఫొటోగ్రాఫర్ నన్ను లోపలికి రావద్దంటున్నాడు. ఫొటోల మీద హక్కు కూడా తనదేనంటున్నాడు. నిజమేనా?
– ఒక తల్లి, కరీంనగర్

జవాబు: మీ అమ్మాయి మీరు రావాలంటే మీరు వెళ్లాల్సిందే అమ్మా. తల్లులు పక్కన కూర్చుంటే నా పనికి ఏనాడూ అడ్డం రాలేదు, టీ గ్లాసు అందించడానికి ఒక చెయ్యి ఎక్కువైంది. రానివ్వనంటే అడ్వాన్సు పోయినా సరే, వెనక్కి వచ్చేయండి.

హక్కు మాటకొస్తే, 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి అడిగి తీయించుకున్న ఫొటోకి తొలి హక్కుదారు తీయించుకున్నవాళ్లే, వేరే ఒప్పందం లేకపోతే. కాబట్టి ఆయన సంతకం పెట్టమన్న కాగితం ఏదైనా ఉంటే ఇంటికి తెచ్చుకుని, తెలిసిన వకీలుకి చూపించాకే పెట్టండి.