నోట్‌బుక్ తెరిచే ఉంచు

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివాను. కథ మొదలుపెట్టిన కాసేపటికే మనసు ఎటో వెళ్లిపోతోందనీ, డాక్టరుగారు ఏడీహెచ్‌డీ (ధ్యాస, నిలకడ కుదరని సమస్య) అని చెప్పినప్పటి నుంచి "ఇక నేను రాయగలనా" అని టెన్షన్ పట్టుకుందనీ రాశావు. రాయగలవు. రేవు మెట్ల మీద ముసలమ్మ ఇసుకతో చెంబు తోముకునే పేరా చదివాకే ఈ మాట అంటున్నాను. అలా రాసినవాడికి ఏకాగ్రత లేదంటే నేను ఒప్పుకోను. అది నువ్వు పిలిచినప్పుడు రాదు, అంతే.

ఏడీహెచ్‌డీ ఉన్న చాలామందికి వర్కింగ్ మెమరీ దగ్గర ఇబ్బంది. అంటే చేస్తున్న పనికి కావలసిన నాలుగు సంగతులూ పని అయ్యేదాకా బుర్రలో నిలవవు. దీని మీద దశాబ్దాలుగా పనిచేసిన అమెరికన్ మనస్తత్వవేత్త రస్సెల్ బార్క్‌లీ నొక్కి చెప్పేదేమిటంటే, తలలో నిలవనిదాన్ని బయట పెట్టుకోవాలి, అదీ పని జరిగే చోటే, కంటి ముందు. కాబట్టి గుర్తొచ్చినవి రాసుకునే నోట్‌బుక్ సంచిలో ఉంటే లేనట్టే. నువ్వు రాసే చోట, తెరిచి, పెన్నుతో సహా ఉండాలి.

నీ కథనే తీసుకో. 2003 గోదావరి పుష్కరాలు, రాజమండ్రి. ముసలమ్మ దిగింది కోటిలింగాల రేవులోనా, పుష్కర ఘాట్‌లోనా అని అనుమానం వచ్చి ఫోన్ తీస్తావు. అక్కడి నుంచి 2015 పుష్కరాల వీడియోలు, ఆపైన ఇంకేవో. గంట గడిచినట్టే తెలియదు. ఈసారి ఫోన్ ముట్టుకోకు. నోట్‌బుక్‌లో "ఏ రేవు? రాత్రి భోజనమయ్యాక చూడాలి" అని రాసి, కథలో వట్టి "రేవు" అని పెట్టి ముందుకు వెళ్లు. గ్యాస్ బుక్ చేయడం, అక్కకు ఫోన్ చేయడం, ఇంకో కథకు ఐడియా, ఏది గుర్తొచ్చినా ఆ పేజీలోనే ఒక్క ముక్క రాసి వదిలెయ్.

"రాత్రి భోజనమయ్యాక" అన్నది వదలకు. మిగిలిపోయిన పనికి ఎప్పుడు, ఎలా అని ప్లాన్ రాసుకుంటే అది బుర్రను తొలిచేయడం తగ్గుతుందని 2011లో మాసికాంపో, బౌమైస్టర్ అనే మనస్తత్వవేత్తల ప్రయోగాల్లో తేలింది. అవి ప్రత్యేకించి ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్ల మీద చేసినవి కావు. అయినా పనికొచ్చే సంగతే. కాకపోతే రాత్రి ఆ పేజీ నిజంగా తీసి చూడాలి. చూడకపోతే నీ నోట్‌బుక్‌ను నువ్వే నమ్మడం మానేస్తావు.

లేచే ముందు తర్వాతి అడుగు కూడా రాసిపెట్టు: "చెంబు నీళ్లలోకి జారింది, మనవడు దూకుతాడు." మర్నాడు కూర్చోగానే ఎక్కడ మొదలుపెట్టాలో వెతుక్కోనక్కర్లేదు. నీకు కష్టమంతా మొదలుపెట్టడంలోనే కదా.

బుల్లెట్ జర్నల్ గురించి అడిగావు. చిన్నప్పుడే ఏడీడీ (ఏడీహెచ్‌డీకి పాత పేరు) బయటపడిన రైడర్ కారొల్ అనే డిజైనర్, పనులూ ఆలోచనలూ నోట్‌బుక్‌లో పొట్టిగా రాసుకోవడానికి తన అవసరం కొద్దీ తయారుచేసుకున్న పద్ధతి అది, 2013లో అందరి ముందూ పెట్టాడు. దాని అసలు రూపం చాలా సాదా: చుక్కలు, గీతలు, పొట్టి మాటలు. ఆ పేరుతో ఇప్పుడు కనిపించే రంగురంగుల పేజీల జోలికి మాత్రం వెళ్లకు. పేజీకి ముగ్గు వేస్తూ కూర్చుంటే కథ అక్కడే ఆగిపోతుంది.

మధ్యలో కొన్ని వారాలు ఇదంతా వదిలేస్తావు. ఏం పరవాలేదు. పోయిన రోజులు నింపకు, కొత్త నోట్‌బుక్ కొనకు. తర్వాతి పేజీ మీద ఆ రోజు తేదీ వేసి రాయడం మొదలుపెట్టు. డాక్టరుగారు మందులు రాస్తే, నోట్‌బుక్ ఉందిగా అని వాటిని మానొద్దు.

ఈసారి కథతో పాటు నోట్‌బుక్‌లో ఒక పేజీ ఫొటో తీసి పంపు. కొట్టివేతలున్నా సరే, తిరగరాయకుండా పంపు.

ఆశీస్సులతో,
అన్నయ్య