మే నెలొస్తే మా ఇంట్లో అట్టపెట్టెలు

ప్రశ్న: మాది గుడివాడ దగ్గర పల్లెటూరు. 2014లో ఎమ్మెస్సీ చదవడానికి నాటింగ్‌హామ్ వచ్చి, ఇక్కడే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో స్థిరపడ్డాను. మావారు ఇంగ్లిష్ వారు, ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఆడతారు. గోల్ పడకుండా అడ్డుకునే సెంటర్ బ్యాక్. వయసు 33. పద్నాలుగేళ్ళలో తొమ్మిది క్లబ్బులకు ఆడారు, అందులో మూడు లోన్ మీద, అంటే సొంత క్లబ్బు కొన్నాళ్ళకు వేరే క్లబ్బుకు పంపితే ఆడినవి. పెళ్ళయి ఏడేళ్ళయితే నాలుగు ఇళ్ళు మారాం. ఈ మేలో క్లబ్బువాళ్ళు ఆయన్ని మళ్ళీ వదిలేశారు. మేనేజర్ గదిలో నాలుగు నిమిషాలు మాట్లాడి పంపించేశారట. ఇప్పుడు ఇక్కడికి నాలుగు గంటల దూరంలో ఉన్న ఓ లీగ్ టూ (నాలుగో స్థాయి లీగ్) క్లబ్ ఏడాది కాంట్రాక్ట్ ఇస్తామంటోంది. దగ్గర్లోనే ఇంకో చిన్న క్లబ్ పార్ట్ టైమ్ రమ్మంటోంది. ఆయన ‘ఇంకొక్క ఏడాది’ అంటున్నారు. పాపకు నాలుగేళ్ళు, సెప్టెంబరులో స్కూలు, సీటు కూడా వచ్చింది. మా నాన్నగారిది బ్యాంకు ఉద్యోగం, పదో తరగతిలోపు నేను ఐదు స్కూళ్ళు మారాను. కిందటేడు ఆఫీసులో టీమ్ లీడ్ ఇస్తామంటే, మళ్ళీ ఇల్లు మారాల్సొస్తుందేమోనని వద్దన్నాను. ఆయనకు చెప్పలేదు, బాధపడతారని. నాన్న ఫోన్ చేసినప్పుడల్లా ‘అల్లుడికి ఇంకా పర్మనెంట్ కాలేదా’ అంటారు. ఈమధ్య రాత్రిళ్ళు ఆయన కారు ఇంటి ముందు ఆపి, అరగంట సేపు ఫోన్ చూస్తూ అందులోనే కూర్చుంటున్నారు. ఇక ఆట మానేయమంటే నేను చెడ్డదాన్నవుతానా?
– ఓ సోదరి, ఇంగ్లండ్

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరడిగిన ప్రశ్న చివర్లో ఉంది, అసలు సంగతి మాత్రం మధ్యలో దాక్కుంది. ఐదు స్కూళ్ళ మాట, వద్దన్న ప్రమోషన్ మాట ఒక్కొక్క వాక్యంలో చెప్పేసి దాటేశారు. నేను అక్కడే ఆగాను. కానీ ముందు మీ నాన్నగారి సంగతి చూద్దాం, అది తేలిక.

ఆయన దృష్టిలో ఉద్యోగమంటే చేరిన చోట పర్మనెంట్ అయి, బదిలీల మీద తిరిగి, పింఛనుతో దిగిపోవడం. అల్లుడు తొమ్మిది చోట్ల పనిచేశాడంటే ఎక్కడా నిలవలేనివాడని అర్థం చేసుకుంటున్నారు. ఆయనకు ఇలా చెప్పండి: ‘నాన్నా, మన కాలేజీల్లో కాంట్రాక్ట్ లెక్చరర్లు లేరూ? పాఠం ఎంత బాగా చెప్పినా ఏటా రెన్యువల్ కోసం ఎదురుచూడాల్సిందేగా? ఇదీ అంతే.’ రిటైరైన మనిషికి ఈ ఒక్క ముక్క చాలు. రొనాల్డో లెక్కలు, ప్రీమియర్ లీగ్ లెక్కలు ఆయన దగ్గర తీయకండి.

నిజానికి ఆ పోలిక మీకు కూడా పనికొస్తుంది. ఇంగ్లండ్‌లో ప్రీమియర్ లీగ్‌లో 20 క్లబ్బులు, దాని కింద ఛాంపియన్‌షిప్, లీగ్ వన్, లీగ్ టూల్లో 24 చొప్పున, మొత్తం 92. సీజన్ అయిపోగానే ఎవర్ని ఉంచుకుంటారో ఎవర్ని వదిలేస్తారో జాబితా బయటపెడతారు. జూన్ 30కి కాంట్రాక్టులు ముగుస్తాయి. మేనేజర్ మారితే కిందటివాడు తెచ్చుకున్న ఆటగాళ్ళు కొత్తాయనకు అక్కర్లేకపోవచ్చు. 1995 డిసెంబరులో బోస్‌మన్ అనే బెల్జియం ఆటగాడి కేసులో యూరప్ కోర్టు తీర్పు ఇచ్చేదాకా, కాంట్రాక్ట్ అయిపోయినా సరే, ఆటగాణ్ణి తీసుకునే కొత్త క్లబ్బును పాత క్లబ్బు డబ్బు అడగగలిగేది. ఇప్పుడు గడువు ముగిస్తే ఆటగాడు స్వేచ్ఛగా వెళ్ళిపోవచ్చు. పేరున్నవాళ్ళు దాంతో లాభపడ్డారు. మీవారి లాంటి వాళ్ళకు ఆ స్వేచ్ఛ అంటే ఏటా జూలైలో ఫోన్ మోగుతుందా లేదా అని చూడటం.

ఇలా క్లబ్బులు తిరిగే ఆటగాణ్ణి అక్కడ ‘జర్నీమన్’ అంటారని మీకు తెలుసు. పాత రోజుల్లో ఆ మాటకు అర్థం వేరు. పని నేర్చుకోవడం పూర్తయి, రోజు కూలి మీద ఎవరి దగ్గరైనా పనిచేయగల నేర్పరి అని. పద్నాలుగేళ్ళలో తొమ్మిది క్లబ్బులు వదిలేశాయని మీరు లెక్కేస్తున్నారు. తొమ్మిది క్లబ్బులు పిలిచాయి కూడా కదా.

ఈపాటికి మీకు ఎవరో ఒకరు జేమీ వార్డీ కథ చెప్పే ఉంటారు. పదహారేళ్ళకు షెఫీల్డ్ వెన్స్‌డే క్లబ్బు వదిలేస్తే, స్టాక్స్‌బ్రిడ్జ్ అనే చిన్న ఊరి జట్టులో వారానికి 30 పౌండ్లకు ఆడుతూ ఫ్యాక్టరీలో పనిచేసి, 2012లో పది లక్షల పౌండ్లకు లెస్టర్ క్లబ్బులో చేరి, 2016లో ప్రీమియర్ లీగ్ ఛాంపియన్ అయ్యాడు. గొప్ప కథే. కానీ లెస్టర్ చేరేనాటికి అతనికి 25 ఏళ్ళు. 33 ఏళ్ళ మనిషికి దాన్ని ధైర్యవచనంలా చెప్పేవాళ్ళంటే నాకు చిరాకు.

మీవారి వయసుకు జాన్ బరిడ్జ్ కథ దగ్గర. వర్కింగ్టన్‌లో 1951లో పుట్టిన గోల్‌కీపర్, ఇరవైకి పైగా క్లబ్బులు తిరిగాడు. 1995లో మాంచెస్టర్ సిటీ తరఫున ప్రీమియర్ లీగ్‌లో దిగేసరికి అతనికి 43 ఏళ్ళు! అంత ఇష్టంగా ఆడిన మనిషి ఆట ఆగిపోయాక డిప్రెషన్‌లో కూరుకుపోయి ఆసుపత్రిలో ఉండాల్సి వచ్చింది. ఆ సంగతి ఆయనే దాచుకోకుండా చెప్పాడు. తర్వాత ఒమన్ వెళ్ళి గోల్‌కీపర్లకు శిక్షణ ఇచ్చాడు. తర్వాత ఇంగ్లండ్‌లో ఆడిన ఒమన్ గోల్‌కీపర్ అలీ అల్ హబ్సీని చేరదీసింది ఆయనే.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, మీవారు కారులో కూర్చునే ఆ అరగంట గురించి. మీరు దాన్ని అలకలాగా రాశారు. నాకు అలా అనిపించలేదు. ఇంట్లోకొస్తే పాప ‘నాన్నా’ అంటూ ఎదురొస్తుంది, మీరు ‘ఏమైనా ఫోన్ వచ్చిందా’ అని ముఖంతో అడుగుతారు. ఆ రెండింటి మధ్య కాస్త ఊపిరి తీసుకోవడానికి ఆ కారు తప్ప ఆయనకు చోటు లేదు. ఒకరోజు మీరే వెళ్ళి పక్క సీట్లో కూర్చోండి. ఏమీ అడక్కండి. నిద్ర పట్టకపోవడం, తాగుడు పెరగడం, ‘నేనెందుకూ పనికిరాను’ లాంటి మాటలు కనబడితే మాత్రం ఆలస్యం చేయకుండా జీపీ (మీ ఏరియా డాక్టరు) దగ్గరికి తీసుకెళ్ళండి. ఆటగాళ్ళ సంఘం పీఎఫ్‌ఏ 1907లో మాంచెస్టర్‌లో మొదలైంది. సభ్యులకు కౌన్సెలింగ్ ఇప్పిస్తుంది, ఆట మానేసిన వాళ్ళకు కూడా. చదువుకోవాలన్నా, కోచింగ్ లైసెన్సు చేయాలన్నా ఖర్చులో సాయం చేస్తుంది. మీవారు ఏటా చందా కడుతూనే ఉంటారు. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా ఫోన్ చేశారా, కనుక్కోండి.

ఇక మీ సంగతి. కాస్త గట్టిగానే చెప్తాను, ఏమీ అనుకోకండి. ఏడేళ్ళలో నాలుగు ఇళ్ళు మారినప్పుడు ప్రతిసారీ మీరు ‘పర్లేదు’ అన్నారని నా ఊహ. ప్రమోషన్ వదులుకున్నప్పుడు అసలు చెప్పనేలేదు. దాంతో ఆయన లెక్కల్లో ఇల్లు మారడానికయ్యే ఖర్చంటే వ్యాన్ కిరాయి, అడ్వాన్సు, అంతే. మీ ఉద్యోగం, మీ బాల్యం ఆ లెక్కలోకి రానేలేదు. ఆయన తీసుకున్న నిర్ణయాలు తప్పని అనడం లేదు. తప్పుడు లెక్కల మీద తీసుకున్నారు, ఆ లెక్కలు మీరే ఇచ్చారు. బాధపడతారని దాచారు, సరే. మరి ఇప్పుడు మీ గొంతులోంచి ‘ఆట మానెయ్’ అన్న మాట వస్తోందంటే, దాచిందంతా ఒక్కసారిగా ఆ మాటై బయటికొస్తోంది. అకస్మాత్తుగా అలా అంటే ఆయనకు వినబడేది ‘నీ మీద నమ్మకం పోయింది’ అని మాత్రమే.

కాబట్టి మానేయమనకండి. వెళ్ళమనండి, కానీ మీరు కదలకండి.

స్కూలు క్యాలెండరు, ఫుట్‌బాల్ క్యాలెండరు పక్కపక్కన పెట్టి చూడండి. ఇంగ్లండ్‌లో ప్రైమరీ స్కూలు దరఖాస్తుకు చివరి తేదీ జనవరి 15, సీటు చెప్పేది ఏప్రిల్ 16న. క్లబ్బు మాట చెప్పేది మేలో. అంటే తండ్రికి పని ఉందో లేదో తేలకముందే బిడ్డకు బెంచీ తయారుగా ఉంది. ఆ బెంచీ వదిలేసి, ఏడాది కాంట్రాక్ట్ కోసం నాలుగు గంటల దూరంలో ఏ స్కూల్లో ఖాళీ ఉందో వెతుక్కుంటూ వెళ్ళి, వచ్చే మేలో మళ్ళీ అట్టపెట్టెలు తెచ్చుకోవడం నాకు అర్థమయ్యే పని కాదు. కొత్త స్కూల్లో భోజనాల గంట కొట్టినప్పుడు ఎవరి పక్కన కూర్చోవాలో తెలియక నీళ్ళ కుళాయి దగ్గర నిలబడటం ఎలా ఉంటుందో ఐదుసార్లు చూసిన మీకు నేను చెప్పాలా?

ఆయన అక్కడ గది తీసుకోవచ్చు. ఇద్దరు ముగ్గురు ఆటగాళ్ళు కలిసి ఫ్లాటు అద్దెకు తీసుకోవడం మామూలే. లీగ్‌లో 46 మ్యాచులు, శనివారాలతో పాటు కొన్ని మంగళవారం రాత్రులు కూడా ఉంటాయి. సెలవు ఏయే రోజుల్లో ఇస్తారో సంతకం పెట్టకముందే మేనేజర్ని అడగమనండి. అవే పాపకు నాన్న రోజులు. అలాగే ఆ క్లబ్బులో జీతాలు వేళకు పడుతున్నాయా అని అక్కడ ఆడి వచ్చినవాళ్ళని అడగాలి. మన దేశపు ఫుట్‌బాల్ ఆటగాడు భైచుంగ్ భూటియా 1999లో వెళ్ళి ఆడిన బరీ క్లబ్ 1885 నాటిది. జీతాలు ఇవ్వలేని స్థితికి చేరి, 2019 ఆగస్టులో లీగ్ నుంచే పోయింది. పాతకాలపు పేరు చూసి నమ్మాల్సిన పని లేదు.

పార్ట్ టైమ్ క్లబ్బు మాట ఈ ఏడాదికి పక్కన పెట్టండి. అది మంచి దారే, ఉద్యోగం చేసుకుంటూ ఆడుకోవచ్చు. కానీ ఫుల్ టైమ్ పిలుపు చేతిలో ఉండగా మీ కోసం దాన్ని కాదనుకున్నానన్న మాట జీవితాంతం మీ ఇంట్లో తిరుగుతుంది. వెళ్ళి ఆడనివ్వండి. దానికి బదులుగా ఒకటి అడగండి: ఈ ఏడాదిలోనే కోచింగో, ఇంకేదో ఒక కోర్సు మొదలుపెట్టాలి. ఈ వృత్తిలో ‘నీ ఆట అయిపోయింది’ అని ఎవరూ ఉత్తరం రాయరు. ఫోన్ మోగడం ఆగిపోతుంది. ఆగాక వెతుక్కోవడం కష్టం.

ఈ మాటలు ఎప్పుడు చెప్పాలన్నది కూడా ముఖ్యమే. ఏజెంటు ఫోన్ కోసం చూస్తున్న రాత్రి వద్దు. మీ అమ్మానాన్నలతో మాట్లాడిన రోజు అసలే వద్దు. పాప పడుకున్నాక, ఆ కారులోనే అయినా సరే. మొదట స్కూలు గురించి కాదు, ప్రమోషన్ గురించి చెప్పండి. కిందటేడు మీరు వద్దంటూ ఆఫీసుకు రాసిన మెయిల్ ఇంకా ఉండే ఉంటుంది. ఫార్వర్డ్ చేయకండి. పక్కన కూర్చుని, మీ ఫోన్లోనే తెరిచి, ఆయన చేతికివ్వండి.