కరెంటు పోయినా చదువు సాగే భవనం

పాఠకుల ప్రశ్నలకు ఆర్కిటెక్టు సమాధానాలు

ప్రశ్న: విద్యార్థులు కూర్చుని చదువుకోవడానికీ, ఉపకారవేతనాల పని, పాఠాల్లో సాయం, మనసు బాగోలేనప్పుడు సలహా ఒకేచోట పొందడానికీ మా విశ్వవిద్యాలయంలో 200 సీట్లతో రెండంతస్తుల భవనం కట్టాలన్న ఆలోచన ఉంది. స్థలానికి పడమట రోడ్డు ఉంది. ఆ రోడ్డు పొడవునా స్థలం సాగి ఉంటుంది. రోడ్డు వైపు అంతా అద్దాలు పెట్టి, లోపల పూర్తిగా ఏసీ పెడితే బాగుంటుందని కొందరు, పర్యావరణానికి మేలు చేసే భవనమే కావాలని మరికొందరు అంటున్నారు. మీ సలహా ఏమిటి?
– ఒక అధ్యాపకుడు, శ్రీకాకుళం

జవాబు: అద్దాల ముఖాన్ని మానుకోమని మొదటే స్పష్టంగా చెబుతాను. నడినెత్తి ఎండను ఒక చిన్న చజ్జా ఆపగలదు గాని, సాయంత్రం ఏటవాలుగా వచ్చే పడమటి ఎండను ఏ చజ్జా ఆపలేదు. పడమటి గోడంతా అద్దమైతే, పిల్లలు తరగతులు ముగించుకుని చదువుకోవడానికి వచ్చే వేళకే గది కొలిమిలా ఉంటుంది. ఆ వేడిని తోడి బయట పోయడానికి ఏసీలు నడపాలి, వాటి బిల్లు భవనం ఉన్నన్నాళ్లూ కట్టాలి.

స్థలం ఉత్తర దక్షిణాలుగా పొడవున్నంత మాత్రాన భవనం కూడా అలాగే ఉండనక్కరలేదు. దాన్ని తూర్పు పడమరలుగా పొడవుండే రెండు చిన్న భాగాలుగా విడదీసి, నడుమ మన మండువా లోగిళ్లలో ఉన్నట్టు ఒక ముంగిలి వదలండి. కిటికీలన్నీ ఉత్తర దక్షిణాలకు వస్తాయి. పడమటి చివర్లలో మెట్లు, మరుగుదొడ్లు, సామాన్ల గది పెడితే అవే ఎండకు అడ్డుగోడలవుతాయి. శ్రీకాకుళం సుమారు 18.3 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కనుక, మే నెల మధ్య నుంచి జూలై చివరి వరకు మధ్యాహ్నపు సూర్యుడు మనకు కాస్త ఉత్తరంగానే ఉంటాడు. అందువల్ల ఉత్తరపు కిటికీలకు నీడ అక్కరలేదనుకోవడం పొరపాటు, వాటికీ చిన్న చజ్జాలు వేయించండి.

పై అంతస్తు వేడికి అసలు కారణం కప్పు. దానిమీద తెల్లని పెంకు పరిచి, సౌర ఫలకలను కాస్త ఎత్తుగా నిలబెడితే, అవి కరెంటుతో పాటు కప్పుకు నీడనూ ఇస్తాయి. గోడలకు ఈ ప్రాంతంలో దొరికే ఫ్లైయాష్ (బొగ్గు బూడిద) ఇటుక చాలు. ఇటుకలను అంచు మీద నిలబెట్టి నడుమ ఖాళీ వదిలే కట్టును ఎలుకబోను కట్టు అంటారు; కేరళలో ఆర్కిటెక్టు లారీ బేకర్ విస్తారంగా వాడిన ఆ కట్టుతో కడితే ఇటుక దాదాపు పాతిక శాతం ఆదా అవుతుంది, గోడ మధ్య మిగిలిన గాలి పొర వేడిని తగ్గిస్తుంది. ఈ కట్టు తెలిసిన మేస్త్రీని ముందుగా వెతుక్కుని, ఒక నమూనా గోడ కట్టించి చూసుకోవడం మంచిది.

ఇక గాలివానల సంగతి. దీనికి మీ ప్రశ్నలో చోటు లేకపోయినా, ఈ తీరంలో కట్టే ఏ భవనానికైనా ఇదే మొదటి ప్రశ్న కావాలని నా నమ్మకం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస పరిసరాలను తాకిన తర్వాత రోజుల తరబడి కరెంటు లేని ఊళ్లు మనకు తెలుసు. భారత ప్రమాణాల ప్రకారం ఈ తీరంలో సెకనుకు 50 మీటర్ల, అంటే గంటకు 180 కిలోమీటర్ల గాలిని భవనం లెక్కలకు మూలవేగంగా తీసుకుంటారు. తుపాను తర్వాత ఆశ్రయంగా పనికిరావాల్సిన కట్టడాలకు ఆ వేగాన్ని 1.30 రెట్లు చేసి లెక్కించాలి. ఈ భవనాన్ని అలాగే లెక్కించమని ఇంజనీరును అడగండి. సౌర ఫలకల బిగింపులకూ, కిటికీ రెక్కలకూ ఆ లెక్కే వర్తించాలి.

సౌర విద్యుత్తులో చాలామంది మోసపోయే చోటు ఒకటుంది. బ్యాటరీ లేకుండా లైనుకు కలిపిన సౌర వ్యవస్థ, లైన్లో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. స్తంభాల మీద పనిచేసే సిబ్బందికి ప్రమాదం కాకూడదని అలా ఏర్పాటు చేస్తారు. అంటే కప్పు నిండా ఫలకలున్నా తుపాను మర్నాడు లోపల చీకటే. బ్యాటరీతో నడిచే ఇన్వర్టరును ఫ్యాన్లకు, దీపాలకు, సెల్‌ఫోన్ ఛార్జింగుకు, నీటి పంపుకు మాత్రం ప్రత్యేకంగా కలపండి. 60 ఫ్యాన్లు పాత రకమైతే ఒక్కొక్కటి 75 వాట్ల చొప్పున 4.5 కిలోవాట్లు లాగుతాయి. 30 వాట్లలోపు నడిచే, కరెంటు తక్కువ లాగే బీఎల్‌డీసీ రకం ఫ్యాన్లయితే 1.8 కిలోవాట్లే. దీపాలకు మరో కిలోవాటు వేసుకున్నా రాత్రి 5 గంటల పాటు నడపడానికి 14 యూనిట్లు చాలు. ఒక కిలోవాటు ఫలకలు సుమారు 10 చదరపు మీటర్ల జాగాలో రోజుకు సగటున 4 యూనిట్ల దాకా ఇస్తాయి కనుక ఇది మోయలేని భారమేమీ కాదు. ఏసీ కంప్యూటర్ల గదికి, చిన్న సమావేశ గదికి ఉంచుకోండి.

నీటి విషయం క్లుప్తంగా చెబుతాను: 600 చదరపు మీటర్ల కప్పు మీద ఏడాదికి మీటరు వాన పడితే, అయిదో వంతు పోయినా 4.8 లక్షల లీటర్లు చేతికొస్తుంది. మరుగుదొడ్లకు, చెట్లకు ఆ నీటినే వాడండి.

ప్రశ్న: మా కాలేజీలో కౌన్సెలింగ్ గది ఆఫీసు వరండాలో ఉంది. బోర్డు చూసి అందరూ ఏమనుకుంటారోనని ఎవరూ వెళ్లరు. కొత్త భవనం వస్తే ఆ గది ఎక్కడ ఉంటే బాగుంటుంది?
– ఒక విద్యార్థిని, విజయనగరం

జవాబు: అమ్మా, మీరు అడిగినది గది గురించే అయినా నిజానికి అది దారి గురించిన ప్రశ్న. ఉపకారవేతనం కాగితాలకు, పుస్తకాలకు, జిరాక్సుకు అందరూ వెళ్లే దారిలోనే ఆ తలుపు కూడా ఉంటే, లోపలికి వెళ్లినవారు ఎందుకు వెళ్లారో ఎవరికీ తెలియదు. తలుపు మీద గది నంబరు ఉంటే చాలు. వెళ్లడానికి ఒక తలుపు, కన్నీళ్లు తుడుచుకుని నెమ్మదిగా ముంగిట్లోకి రావడానికి మరొక తలుపు ఉండాలి.

గాలి కోసం పెట్టే వెంటిలేటర్ల గుండా మాటలు బయటికి పోతాయన్నది డిజైనర్లు తరచు మరచిపోయే విషయం. ఆ గది కిటికీలు వరండాలోకి కాక, ఎవరూ నడవని చెట్ల వైపు తెరుచుకోవాలి. గోడ ఫాల్స్ సీలింగు దగ్గర ఆగిపోకుండా కప్పు దాకా పోవాలి. తలుపు బరువైన చెక్కతో ఉండాలి. అందాకా రాత్రివేళ ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే టెలీ మానస్ 14416 నంబరుకు ఫోన్ చేయవచ్చు, అది మానసిక ఆరోగ్యానికి సలహా ఇచ్చే కేంద్ర ప్రభుత్వపు ఉచిత సేవ.

చక్రాల కుర్చీలో వచ్చే విద్యార్థికీ ఇదే దారి కావాలి గనుక, ఒక అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు చొప్పున ర్యాంపు ముఖద్వారం దగ్గరే ఉండాలి, వెనకవైపు కాదు. సీతంపేట కొండల నుంచి వచ్చి ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదువుతున్న సవర గిరిజన పిల్లకు, ఎవరిని అడగాలో తెలియకపోవడమే పెద్ద అడ్డంకి. లోపలికి రాగానే కూర్చున్న ఒక మనిషి పలకరించేలా బల్ల వేయాలి. ఆడపిల్లల హాస్టలుకూ ఈ భవనానికీ మధ్య దారి దీపాలను కూడా పై జవాబులో చెప్పిన బ్యాటరీ లైనుకే కలపమని అడగండి.

టెండరు పిలవకముందే ప్లాను కాగితాన్ని మీ హాస్టల్ మెస్ గోడకు అతికించి, పక్కన ఒక పెన్సిల్ కట్టి, వారం రోజులు ఉంచమని వార్డెనును కోరండి. ఏ తలుపు ఎక్కడ ఉండాలో, ఏ మూలన దీపం లేదో పిల్లలే గీసి చూపిస్తారు. ఆ కాగితాన్ని ఆర్కిటెక్టు చేతికి అందేలా చూడండి.