తెలుగు మీడియం నుంచి వచ్చిన హరిణికి, ఇంగ్లిష్ మాటల గురించి

చిరంజీవి హరిణికి పెద్దనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం చేరింది. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి బాపట్ల వ్యవసాయ కళాశాలలో చేరిన నీకు పుస్తకాలన్నీ ఇంగ్లిష్‌లోనే ఉండడం వల్ల పేజీ తిప్పేలోగా పది మాటలు అడ్డుపడుతున్నాయని, అందుకని పోటీ పరీక్షలవాళ్లు చదివే లావుపాటి పదాల పుస్తకం ఒకటి కొని రోజుకు ముప్ఫై చొప్పున బట్టీ పడుతున్నావని, వారం తిరిగేసరికి వాటిలో సగం కూడా గుర్తుండడం లేదని రాశావు. డిగ్రీ కళాశాలల్లో ఇంగ్లిష్ చెబుతూ ఉద్యోగ జీవితమంతా గడిపినవాణ్ణి కనుక, నీలాంటి పిల్లలను ఎందరినో దగ్గరగా చూసినవాణ్ణి కనుక, నాకు తెలిసినదంతా వివరంగా రాస్తున్నాను. తీరిక చేసుకొని చదువు.

ముందుగా ఆ లావుపాటి పుస్తకాన్ని పక్కన పెట్టు. అందులోని మాటలు ఎక్కువగా అరుదైనవి. అభ్యర్థులను వడపోయడానికి పనికివస్తాయనే వాటిని ఏరారు. నీ మృత్తికా శాస్త్ర పుస్తకం మొదటి నుంచి చివరి దాకా తిరగేసినా వాటిలో చాలా మాటలు ఒక్కసారి కూడా కనబడవు. నిన్ను నిజంగా ఆపుతున్నవి ‘డెస్పైట్’, ‘వేరాజ్’, ‘అకర్’, ‘రిటెయిన్’, ‘ఇన్‌హిబిట్’ వంటి మాటలు. ఇవి ప్రతి పేజీలోనూ ఉంటాయి. చూడడానికి చిన్నవిగా ఉండడం వల్ల వీటిని నేర్చుకోవాలని ఎవరికీ తోచదు.

ఏ మాటలు ముందు నేర్చుకోవాలన్నది ఊహకు వదిలేయవలసిన విషయం కాదు. ఢాకాలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాలకు ప్రిన్సిపాల్‌గా పనిచేసిన మైకేల్ వెస్ట్ అనే ఆయన, ఇంగ్లిష్‌లో అన్నిటికంటే ఎక్కువగా పనికివచ్చే సుమారు 2,000 మాటలను ఏర్చి 1953లో జాబితాగా ప్రచురించాడు. న్యూజిలాండ్‌కు చెందిన ఏవరిల్ కాక్స్‌హెడ్ అనే పరిశోధకురాలు విశ్వవిద్యాలయ స్థాయి రచనలను పరిశీలించి, ఏ శాస్త్రం చదివేవారికైనా ఎదురయ్యే 570 పద కుటుంబాల జాబితాను 2000లో తయారు చేసింది. పద కుటుంబం అంటే ‘అనలైజ్’, ‘అనాలిసిస్’, ‘అనలిటికల్’ వంటి మాటలన్నీ కలిపి ఒకటి అన్నమాట. ఆమె లెక్క ప్రకారం అటువంటి రచనల్లో నూటికి 76 మాటలు వెస్ట్ జాబితాలోనివి, మరో 10 ఈ 570లోనివి. మిగిలినవాటిలో పెద్ద భాగం నీ శాస్త్రానికి చెందిన సాంకేతిక పదాలు, పేర్లు. వాటిని మీ మాస్టార్లు ఎలాగూ తరగతిలో వివరిస్తారు. కనుక ముందు ఆ 2,000లో నీకు రానివేవో గుర్తు పెట్టుకొని పూర్తి చేయి, ఆ తరువాత 570ని చేపట్టు. ఈ రెండు జాబితాలూ ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతాయి. పత్రికలు, నవలలు ఎవరి సాయమూ లేకుండా చదవాలంటే ఎనిమిది, తొమ్మిది వేల పద కుటుంబాలు కావాలని పాల్ నేషన్ అనే భాషా పరిశోధకుడు 2006లో లెక్కగట్టాడు. అది నీకు మూడో నాలుగో ఏడు నాటి మాట, ఇప్పుడు దాని గురించి బెంగ వద్దు.

అయితే జాబితా దేన్ని నేర్చుకోవాలో చెబుతుంది కాని, ఎలా నేర్చుకోవాలో చెప్పదు. మన పెద్దలు అమరకోశం వల్లె వేసి పండితులు కాలేదా అని నీకు అనిపించవచ్చు. నిజమే, కాని అమరంలో పర్యాయపదాలను పట్టి ఉంచడానికి శ్లోకం ఉంది, దాని నడక ఉంది. పైగా అమరం వచ్చిన పిల్లవాడికి గురువు వెంటనే కావ్యపాఠం మొదలుపెట్టేవాడు, కంఠస్థం చేసిన మాటలు అక్కడ మళ్లీ మళ్లీ ఎదురయ్యేవి. అక్షర క్రమంలో పేర్చిన ఇంగ్లిష్ జాబితాకు ఆ నడకా లేదు, ఆ కావ్యమూ లేదు. పైగా ‘అఫెక్ట్’, ‘ఎఫెక్ట్’ వంటి ఒకే పోలిక ఉన్న మాటలను పక్కపక్కనే చదివితే రెండూ కలిసిపోయి, ఏది ఏదో తేలకుండా పోతుంది. ఒకటి బాగా స్థిరపడిన తరువాతనే రెండోదాని జోలికి వెళ్లు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఏ మాటనైనా అది ఏ వాక్యంలో ఎదురైందో ఆ వాక్యంతో సహా, దాని వెంట నడిచే మాటలతో సహా నేర్చుకోవాలి. మన ‘పట్టు’ అనే క్రియనే చూడు. నిద్ర పడుతుంది, తుప్పు పడుతుంది, ముసురు పడుతుంది, కొత్తగా తెలుగు నేర్చుకునేవాడు ‘పట్టు’ అంటే చేత్తో పట్టుకోవడం అని మాత్రమే రాసుకుంటే ఈ మూడింటిలో ఒక్కటీ వాడికి అర్థం కాదు. ఇంగ్లిష్‌లోనూ అంతే. నీ పుస్తకంలో నత్రజని లోపం గురించిన పేరా ఉంటుంది కదా, దాన్నే తీసుకుందాం. నత్రజని మొక్కలో ఒక చోటి నుంచి మరో చోటికి కదిలే పోషకం కనుక లోపం వచ్చినప్పుడు కింది ముదురాకులు ముందు పసుపు రంగుకు తిరుగుతాయి. దీన్ని ఇంగ్లిష్‌లో ‘సింప్టమ్స్ అపియర్ ఫస్ట్ ఆన్ ది ఓల్డర్ లీవ్స్, విచ్ టర్న్ ఎల్లో’ అంటారు. ఇక్కడ ‘అపియర్’ అంటే కనబడడం అని ఒక్క ముక్క రాసుకొని ఊరుకుంటే నీ చేతికి వచ్చింది చాలా తక్కువ. లక్షణాలకు ‘అపియర్’ వాడతారు, ఆకుల మీద అనడానికి ‘ఆన్’ వస్తుంది, రంగు మారడానికి ‘టర్న్’ అంటారు, ఆ ‘టర్న్’ తరువాత ‘టు’ రాదు. అదే పేరాలో ‘డెఫిషియెన్సీ’ కనబడితే దాని వెనుక ‘ఆఫ్’ వస్తుందని, ‘డెఫిషియెంట్’ అయితే ‘ఇన్’ వస్తుందని గమనించు. రేపు పరీక్షలో జింకు లోపం గురించి రాయవలసి వచ్చినప్పుడు ఈ వాక్యాల చట్రమే నీకు అక్కరకు వస్తుంది.

ఇందుకోసం ఒక నోటు పుస్తకం పెట్టుకో. ఒక్కో మాటకు నాలుగైదు గీతల చోటు వదులు. పైన మాట, దాని కింద అది నీకు ఎదురైన వాక్యం, తరువాత తెలుగులో అర్థం, ఆ తరువాత నీవు సొంతంగా రాసిన వాక్యం ఉండాలి. ఆ సొంత వాక్యం మన పొలం గురించో, హాస్టలు గురించో, నీకు నిజంగా తెలిసిన సంగతి గురించో అయి ఉండాలి. రోజుకు ఐదు మాటలు చాలు. ఏడాదిలో మూడు వందల రోజులు పట్టుగా సాగినా పదిహేను వందల మాటలు అవుతాయి, అవి నీ సొంతమైన మాటలవుతాయి.

తెలుగులో అర్థం రాసుకోవద్దని, ఇంగ్లిష్‌ను ఇంగ్లిష్‌లోనే ఆలోచించమని మీ సీనియర్లు చెప్పారని రాశావు. తెలుగును మరిచిపోతేనే ఇంగ్లిష్ వస్తుందని పల్లెటూరి పిల్లలను భయపెట్టేవారంటే నాకు చాలా కష్టంగా ఉంటుంది, ఎందుకంటే అది నిజం కాదు. మాటతో మొదటి పరిచయం తెలుగులోనే త్వరగా, తప్పు లేకుండా జరుగుతుంది. పైగా నీ చదువుకు సంబంధించినంత వరకు నీ దగ్గర పెద్ద నిధి ఉంది. పిలకలు తొడగడం, పొట్ట దశ, పాలు పోసుకోవడం, తాలు గింజలు, పచ్చిరొట్ట ఎరువు అన్న మాటలు మీ నాన్న నోట వింటూ పెరిగావు. ‘టిల్లరింగ్’, ‘బూటింగ్ స్టేజ్’, ‘మిల్కీ స్టేజ్’, ‘చాఫ్’, ‘గ్రీన్ మెన్యూర్’ అన్నవి నీవు కళ్లారా చూసిన వాటికి మరో పేర్లు మాత్రమే. చీడ వేరు, తెగులు వేరు అని మన రైతుకు తెలుసు. ‘పెస్ట్’ వేరు, ‘డిసీజ్’ వేరు అని మీ పుస్తకం చెప్పేదీ అదే. పట్నంలో పుట్టి ఇంగ్లిష్ మీడియంలో చదివిన నీ సహాధ్యాయికి మాట వచ్చు కాని వస్తువు తెలియదు. నీకు వస్తువు తెలుసు, మాట ఒక్కటే రావాలి. ఈ సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు నాన్న పక్కన కూర్చొని, వరి నారుమడి నుంచి కుప్ప నూర్చే దాకా ఆయన వాడే మాటలన్నీ రాసుకొని, ఎదురుగా ఇంగ్లిష్ మాటలు నింపు. మిగిలిన జాబితాలన్నిటి కంటే ఇది నీకు ముందుగా కంఠస్థమవుతుంది.

మనం తెలుగులో కలిపేసుకొని వాడుతున్న ఇంగ్లిష్ మాటల విషయంలో మాత్రం జాగ్రత్తగా ఉండు. అవి మనకు వచ్చుననుకొని డిక్షనరీ తెరవము. ‘టెన్షన్’ అంటే మనకు కంగారు, కాని నేల తేమను ఎంత బలంగా పట్టి ఉంచుతుందో చెప్పడానికి మృత్తికా శాస్త్రంలో అదే మాట వాడతారు. ‘కల్చర్’ అంటే సంస్కృతి అని తెలుసు, ‘టిష్యూ కల్చర్’ అన్నప్పుడు దాని అర్థం పెంపకం. ‘లాడ్జింగ్’ అనగానే బస్టాండు ఎదుటి బోర్డు గుర్తుకొస్తుంది, కాని వరి గాలికి నేలకొరగడాన్ని ‘లాడ్జింగ్’ అంటారు. తెలిసిన మాట వాక్యంలో కుదరకపోతే, దానికి మరో అర్థం ఉందేమోనని వెంటనే అనుమానించడం అలవాటు చేసుకో.

తెలుగు అర్థం తెలిసిన తరువాత, నేర్చుకునేవారి కోసమే తయారైన ఇంగ్లిష్-ఇంగ్లిష్ నిఘంటువు చూడాలి. జపాన్‌లో ఇంగ్లిష్ చెప్పిన ఎ.ఎస్. హార్న్‌బీ తన సహచరులతో కలిసి కూర్చిన నిఘంటువు 1942లో అక్కడే వెలువడింది, 1948లో ఆక్స్‌ఫర్డ్ వారు దాన్ని ప్రచురించారు. ఇప్పటి అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీకి మూలం అదే. ఇందులో అర్థాలు తేలిక మాటల్లో ఉంటాయి, ఏ మాట పక్కన ఏ విభక్తి లాంటి ముక్క వస్తుందో ఉదాహరణతో చూపిస్తారు. ఫోన్‌లోని అనువాద యంత్రం ఒక అర్థం చెప్పి ఊరుకుంటుంది, నీకు కావలసిన అర్థం అదే కానక్కరలేదు. డిక్షనరీలో అక్షరాల ముందు కనబడే చిన్న నిలువు గీతను కూడా గమనించు. ఏ భాగాన్ని ఒత్తి పలకాలో అది చెబుతుంది. ‘ప్రొడ్యూస్’ నామవాచకమైతే మొదటి భాగం మీద, క్రియ అయితే రెండో భాగం మీద ఒత్తు పడుతుంది. తెలుగులో ఈ భేదం లేదు కనుక మన చెవికి అది ఆనదు, విని విని అలవాటు చేసుకోవలసిందే.

సంస్కృతం కొద్దిగా చదివిన నీకు ఒక సంగతి తేలికగా అర్థమవుతుంది. ‘ప్రహారాహార సంహార విహార పరిహారవత్’ అని ఉపసర్గల గురించి శ్లోకం విన్నావు కదా, ఒకే ధాతువు ముందు ఉపసర్గ మారితే అర్థం ఎంత దూరం పోతుందో అది చెబుతుంది. లాటిన్ నుంచి ఇంగ్లిష్‌లోకి వచ్చిన మాటల తీరూ అదే. మోయడం అనే అర్థమున్న ‘పోర్ట్’ ముందు ‘ఇమ్’ చేరితే లోపలికి తేవడం, ‘ఎక్స్’ చేరితే బయటికి పంపడం, ‘ట్రాన్స్’ చేరితే ఒక చోటి నుంచి మరో చోటికి చేర్చడం. ఇరవై ముప్ఫై ఉపసర్గలు, అన్ని ధాతువులు తెలిస్తే వందల మాటలు దారికి వస్తాయి. కాని దీన్ని ఊహకు ఊతంగా మాత్రమే వాడు, తీర్పుగా తీసుకోకు. ‘ఇన్’ అంటే ‘కానిది’ అని నేర్చుకున్నవాడు డబ్బా మీద ‘ఇన్‌ఫ్లేమబుల్’ అని చూసి మంట అంటుకోదనుకుంటే ప్రాణం మీదికి వస్తుంది, ఎందుకంటే దాని అర్థం తేలికగా మండేదని.

మరిచిపోవడం గురించి దిగులుపడకు. మనసు కొత్తవాటిని ఎంత వేగంగా జారవిడుస్తుందో ఎబింగ్‌హౌస్ అనే జర్మన్ శాస్త్రవేత్త తన మీద తానే పరీక్షలు చేసుకొని 1885లోనే ప్రకటించాడు. మరునాడు ఒకసారి, మూడు రోజులకు ఒకసారి, వారానికి, నెలకు మళ్లీ ఒకసారి చూస్తే మాట నిలబడుతుంది. చూడడం అంటే చదవడం కాదు, అర్థాన్ని మూసి గుర్తు తెచ్చుకోవడం. సెబాస్టియన్ లైట్నర్ అనే రచయిత 1972లో చెప్పిన అట్టముక్కల పద్ధతి ఇందుకు చాలా అనుకూలంగా ఉంటుంది. ఇంట్లో పేరుకుపోయిన పాత శుభలేఖల ఖాళీ వైపును ముక్కలుగా కత్తిరించి, ఒక పక్క ఖాళీ వదిలిన వాక్యం, రెండో పక్క ఆ ఖాళీలో రావలసిన మాట రాయి. ఆ ముక్కలన్నిటినీ వరుసగా అరలున్న పెట్టెలో మొదటి అరలో పెట్టు. చెప్పగలిగిన ముక్క తరువాతి అరకు వెళుతుంది, ఆ అరను మరింత ఆలస్యంగా తెరుస్తావు. చెప్పలేకపోయిన ముక్క మళ్లీ మొదటి అరకు వస్తుంది. ఫోన్‌లో చేసుకోవాలంటే ఆంకీ అనే ప్రోగ్రాం ఉంది, కాని చేత్తో రాయడం వల్ల స్పెల్లింగు కూడా పట్టుబడుతుంది.

పాఠ్యపుస్తకం కాకుండా రోజూ కొంతసేపు తేలికైన పుస్తకాలు చదువు. పంచతంత్రం, తెనాలి రామకృష్ణుడి కథలు ఇంగ్లిష్‌లో దొరుకుతాయి. కథ ముందే తెలుసు కనుక తెలియని మాటలు వాటంతటవే తేటపడతాయి. పేజీకి రెండు మూడు తెలియని మాటలు మించితే ఆ పుస్తకం ఇప్పటికి నీది కాదు, ఇంకా తేలికైనది తీసుకో. చదివేటప్పుడు ప్రతి మాటకూ ఆగకు, మళ్లీ మళ్లీ ఎదురైన దాన్ని మాత్రమే నోటు పుస్తకంలోకి ఎక్కించు. నేర్చిన మాటను వారంలోగా ఒక్కసారైనా నోటితో వాడు. ప్రాక్టికల్ క్లాసులో పక్క అమ్మాయితో అన్నా చాలు. ఎవరైనా నవ్వుతారేమోనన్న బెరుకు ఉంటే ముందు ఇద్దరు ముగ్గురు స్నేహితురాళ్లతోనే మొదలుపెట్టు.

ఇప్పుడే మొదలుపెట్టు. ఆదివారం నాటికి నోటు పుస్తకంలో ఎన్ని మాటలు అయితే అన్ని, ఆ పేజీలు ఫోటో తీసి వాట్సాప్‌లో పంపించు. నీ సొంత వాక్యాల కింద ఎర్ర సిరాతో దిద్ది తిరిగి పంపుతాను. మీ నాన్నకు ఆ వరి మాటల సంగతి నేను ఫోన్‌లో చెబుతాను, నీవు వచ్చేసరికి ఆయన కొన్నిటినైనా గుర్తు చేసుకొని ఉంచుతాడు.

ఆశీస్సులతో,
పెద్దనాన్న