వంకాయ మానేస్తే నడుం నొప్పి తగ్గుతుందా?

ఎంఆర్ఐలో డిస్క్ (వెన్నుపూసల మధ్య ఉండే మెత్తలాంటిది) కాస్త ఉబ్బిందన్నారు, ఇంట్లోవాళ్లేమో వాతం చేస్తాయని వంకాయ, ఆలుగడ్డ మాన్పించారు, అసలు తిండికీ నడుముకూ సంబంధం ఉందా అని మీరు అడిగారు. ఉంది. కాకపోతే పాపం, వంకాయ మీద నింద వేయడానికి గట్టి ఆధారమేమీ లేదు.

నాది వరంగల్ ఎనుమాముల మార్కెట్లో అడ్తి దుకాణంలో లెక్కలు రాసే పని. మిర్చి సీజన్లో పొద్దున కూర్చుంటే కాంటాలు అయ్యేదాకా లేచేది ఉండదు. నడుం పట్టేసి హన్మకొండలో చూపించుకుంటే, డాక్టరుగారు మొదట అడిగింది తిండి గురించి కాదు. "పొద్దున లేవగానే ఎక్కువుంటదా, పని చేసినాక ఎక్కువుంటదా?" అన్నారు. మీరూ ముందు ఇది తేల్చుకోండి. లేచాక అరగంటకు పైగా బిగుసుకుపోయి, నాలుగడుగులు వేస్తే సర్దుకుంటూ, పడుకుంటే మళ్లీ పెరుగుతుంటే, అదీ 40 ఏళ్లలోపే మొదలైతే, ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్ లాంటి వెన్ను కీళ్ల వాపు జబ్బు కావచ్చు. రుమటాలజిస్టు (కీళ్ల వాపు జబ్బుల డాక్టరు) ఒంట్లో వాపును చూపే సీఆర్‌పీ, ఈ జబ్బుతో ముడిపడ్డ జన్యువును చూసే హెచ్ఎల్ఏ-బి27 లాంటి రక్త పరీక్షలు రాస్తారు. దానికి మందులు ఉన్నాయి. తిండి మార్చి చూద్దామని కూర్చుంటే ఏళ్లు గడిచిపోతాయి.

నాది కూర్చుంటే, వంగితే వచ్చే రకం. ఇందులో తిండి చేసే పని పొట్ట దగ్గర మొదలవుతుంది. పొట్టలో పేరుకున్న కొవ్వు ఊరికే మోసే బరువు కాదు, ఐఎల్-6 లాంటి వాపు పెంచే పదార్థాలను రక్తంలోకి వదులుతూనే ఉంటుంది. ఆ వాపు వల్ల నొప్పిని చేరవేసే నరాలు ఇంకా సున్నితమవుతాయి. పైగా డిస్కుకు సొంత రక్తనాళాలు దాదాపు ఉండవు, పక్కనున్న ఎముక నుంచి ఊరి వచ్చే పోషణే దిక్కు. అందుకే సిగరెట్, అదుపులో లేని షుగర్ జబ్బు దాన్ని తొందరగా దెబ్బతీస్తాయి.

నేను ముందు పట్టుకున్నది చాయ్. మార్కెట్లో బేరం కుదిరితే చాయ్, కుదరకపోతే చాయ్, ప్రతి గ్లాసులో రెండు చెంచాల చక్కెర. తర్వాత సాయంత్రం మిర్చి బజ్జీ: నల్లబడిన నూనెనే మళ్లీ మళ్లీ కాచేది. అలా కాచొద్దని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) వాళ్లు కూడా చెప్తారు. రాత్రి అన్నం బదులు జొన్న రొట్టె, పుంటికూర పప్పు. చేపలు పులుసు పెట్టుకుంటాం, వేపుడు కాదు. సంక్రాంతికి సకినాలు మాత్రం మానలేదు, మానను కూడా.

బెల్టు లోపలి రంధ్రానికి వచ్చింది, నొప్పి గోలీలు బాగా తగ్గాయి. నొప్పి పూర్తిగా పోలేదు. ఫిజియోథెరపీ, నడక కూడా అప్పుడే మొదలుపెట్టాను, డి విటమిన్ తక్కువుందని గోలీలు కూడా ఇచ్చారు. కాబట్టి ఘనతంతా జొన్న రొట్టెదే అనను.

పసుపు క్యాప్సూల్స్ గురించి కూడా అడిగారు. పసుపులోని కర్‌క్యుమిన్ ఒంటికి పట్టడమే కష్టం, మిరియాలతో కొంత నయం. కూరలో ఎలాగూ వేస్తాం కదా, అది చాలు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు డాక్టర్ని అడగకుండా ఆ క్యాప్సూల్స్ ముట్టొద్దు.

కాలు బలం తగ్గినా, మర్మాంగాల దగ్గర మొద్దుబారినా, మూత్రం మీద అదుపు తప్పినా ఈ తిండి ముచ్చటంతా పక్కన పెట్టి వెంటనే ఎమర్జెన్సీకి పోండి.