రెండో లెగ్ రాసే ముందు

అమ్మాయీ,

ఫుట్‌బాల్ నాకౌట్ రౌండ్ల రిపోర్టులు ఈసారి నీకే అప్పగించారని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం. లీగ్ దశలో నువ్వు రాసినవన్నీ చదివాను, బాగానే ఉన్నాయి. కాకపోతే అదే చేత్తో నాకౌట్ రాస్తే కుదరదు. ఎందుకు కుదరదో చెప్పాలంటే నా పరువు పోయిన సంగతి ఒకటి చెప్పాలి. అది మీ నాన్నకి కూడా తెలియదు.

2017 మార్చి 8. యూరప్ క్లబ్‌ల చాంపియన్స్ లీగ్ ప్రిక్వార్టర్స్, రెండో లెగ్ (అంటే రెండు మ్యాచ్‌ల పోరులో రెండోది), బార్సిలోనా సొంత మైదానంలో. పీఎస్‌జీ (పారిస్ సెయింట్ జర్మైన్) మొదటి లెగ్‌ను పారిస్‌లో 4-0తో గెలిచి వచ్చింది. ఆ రాత్రి బార్సిలోనా ఒక్కోటీ కొట్టుకుంటూ 50వ నిమిషానికి 3-0 చేసింది. ఇంకొక్కటి పడితే లెక్క సమం. అలాంటి టైములో, 62వ నిమిషంలో, కవానీ పీఎస్‌జీకి గోల్ కొట్టాడు. అప్పట్లో అవే గోల్స్ రూలు ఉండేది: రెండు మ్యాచ్‌ల మొత్తం సమమైతే, బయట మైదానంలో ఎక్కువ గోల్స్ కొట్టిన జట్టే ముందుకెళ్లేది. ఒకటి కొడితే ఎక్స్‌ట్రా టైమ్ అని ఆశపడుతున్న జట్టుకి ఆ ఒక్క దెబ్బతో మూడు కావాల్సి వచ్చింది.

నాకేమో పేజీ వదలాల్సిన టైమ్ అయింది. ‘గెలిచినా ఇంటికే’ అని హెడ్డింగ్ పెట్టాను. దాని మీద కాస్త గర్వం కూడా కలిగిందనుకో. 85వ నిమిషం దాకా చూసి, ఇంకేముంది అనుకుని కాపీ పంపేశాను. 88వ నిమిషంలో నెయ్‌మార్ ఫ్రీకిక్. 90 దాటగానే నెయ్‌మారే పెనాల్టీ. 95వ నిమిషంలో సెర్గీ రొబెర్తో కాలు చాచి నెట్‌లోకి తోశాడు. 6-1. అగ్రిగేట్, అంటే రెండు మ్యాచ్‌ల మొత్తం, 6-5. ఒక ఎడిషన్ నా హెడ్డింగ్‌తోనే అచ్చయి వెళ్లిపోయింది. మర్నాడు ఆఫీసులో ఎవరూ నన్ను ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది.

తర్వాత చాలా రోజులు ఆలోచించాను, తప్పు ఎక్కడ జరిగిందా అని. తొందరపడటం ఒకటి, అది అందరికీ తెలిసిందే. అసలు తప్పు ఏమిటంటే 62వ నిమిషంలో నేను తీర్పు రాశాను, రాయాల్సింది లెక్క. ‘28 నిమిషాల్లో మూడు గోల్స్ కావాలి’ అని రాసి ఉంటే ఆ వాక్యం 62లోనూ నిలబడేది, 95లోనూ నిలబడేది. పైగా చివరి గోల్ పడ్డాక ఆ వాక్యమే రిపోర్టుకి ప్రాణం అయ్యేది.

అందుకని నోట్‌బుక్‌లో పేజీ పైన మూడు గడులు గీసుకో. మొదటి దాంట్లో ఈ రోజు స్కోరు, రెండో దాంట్లో అగ్రిగేట్, మూడో దాంట్లో ‘ఇప్పుడు ఎవరికి ఎన్ని కావాలి’. గోల్ పడిన ప్రతిసారీ మూడూ నింపు. నీ రిపోర్టు నిజానికి ఆ మూడో గడిలో ఉంటుంది.

2022 సెమీస్ తీసుకో, రియల్ మాడ్రిడ్, మాంచెస్టర్ సిటీ. మొదటి లెగ్ సిటీ 4-3తో గెలిచింది. మాడ్రిడ్‌లో 73వ నిమిషంలో మహ్రెజ్ కొట్టాడు. గడులు నింపితే: 0-1, 3-5, సమం కావాలంటే రియల్‌కి రెండు. 89వ నిమిషం దాకా మూడో గడి మారలేదు. 90వ నిమిషంలో రోడ్రిగో: ఒకటి. ఆ వెంటనే మళ్లీ రోడ్రిగో: సున్నా. ఎక్స్‌ట్రా టైమ్‌లో బెంజెమా పెనాల్టీతో 6-5. గోల్స్ వరస పేర్చి రాస్తే ఇది మామూలు 3-1. మూడో గడి కింద మూడో గడి చదువుకుంటూ పో, ఎక్కడ తిరగబడిందో దానంతట అదే కనిపిస్తుంది. ఇంట్రో, అంటే రిపోర్టు మొదటి పేరా, అక్కడి నుంచి ఎత్తుకో.

ఇక కాపీ సంగతి. బార్సిలోనా దెబ్బ తర్వాత నేను రెండో లెగ్‌కి ఎప్పుడూ రెండు ఇంట్రోలు సిద్ధం చేసుకునేవాణ్ని. ఈ జట్టు ముందుకెళితే ఒకటి, ఆ జట్టు ముందుకెళితే ఒకటి. ఫస్ట్ హాఫ్ గురించిన మూడు పేరాలు ఎటైనా పనికొచ్చేలా హాఫ్‌టైమ్‌లోనే రాసి పెట్టేసేవాణ్ని. 80వ నిమిషం వచ్చేసరికి చేతిలో ముప్పాతిక కాపీ ఉండాలి, మిగతా పావు ఖాళీగా ఉంచాలి. ఖాళీ చూస్తే భయమేస్తుంది, నిజమే. ఆ భయంతోనే మనం ముందే నింపేస్తాం. నింపకు. ఎక్స్‌ట్రా టైమ్‌కి వెళితే ఏం చెయ్యాలో డెస్క్‌తో మ్యాచ్‌కి ముందే మాట్లాడి పెట్టుకో. 90వ నిమిషంలో ఫోన్ చేసి అడిగితే వాళ్లు నీకంటే టెన్షన్‌లో ఉంటారు.

మొదటి లెగ్ రిపోర్టు దగ్గర ఇంకో జబ్బు ఉంది. ‘ఒక కాలు క్వార్టర్స్‌లో పెట్టింది’ అని రాసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఇంకో 90 నిమిషాలు ఉన్నాయి కదా, ఆ కాలు ఎక్కడ పెట్టినట్టు? 2025 మార్చిలో పీఎస్‌జీ, లివర్‌పూల్ మొదటి లెగ్ గుర్తుందా? పారిస్‌లో పీఎస్‌జీ 27 షాట్లు కొట్టింది. లివర్‌పూల్ కీపర్ అలిసన్ ఒక్కటీ వదల్లేదు. 87వ నిమిషంలో, సబ్‌స్టిట్యూట్‌గా వచ్చిన కొద్ది క్షణాలకే, హార్వీ ఎలియట్ కొట్టాడు. లివర్‌పూల్ 1-0. స్కోరు చూసి రాసినవాళ్లు లివర్‌పూల్ పని సగం అయిపోయిందన్నారు. ఆట చూసి రాసినవాళ్లు వారం తర్వాత తల వంచుకోవాల్సిన పని పడలేదు. లివర్‌పూల్ మైదానం ఆన్‌ఫీల్డ్‌లో పీఎస్‌జీ ఆటగాడు డెంబెలే 12వ నిమిషంలోనే లెక్క సరిచేశాడు, పెనాల్టీ షూటౌట్‌లో వాళ్ల కీపర్ డోనరుమ్మా రెండు ఆపాడు. లీగ్ దశలో లివర్‌పూల్ మొదటి స్థానం, పీఎస్‌జీ 15వ స్థానం. ప్లేఆఫ్ ఆడి వచ్చిన ఆ 15వ జట్టే మ్యూనిక్‌లో ఇంటర్‌ని 5-0తో కొట్టి కప్పు పట్టుకెళ్లింది. కాబట్టి లీగ్ టేబుల్‌ని కాపీలో మూడో పేరా దాటి పైకి రానివ్వకు.

అవే గోల్స్ రూలు 2021-22 సీజన్ నుంచి యూరప్‌లో లేదు. నీకది తెలుసు, చదివేవాళ్లందరికీ తెలుసనుకోకు. 2019లో అయాక్స్ మీద లూకాస్ మౌరా 96వ నిమిషంలో మూడో గోల్ కొట్టి టోటెన్‌హామ్‌ని ఫైనల్‌కి తీసుకెళ్లాడని రాస్తే, అగ్రిగేట్ 3-3 కదా, ఎక్స్‌ట్రా టైమ్ ఏదీ అని కొత్త పాఠకుడు అడుగుతాడు. పాత మ్యాచ్ ఎత్తినప్పుడల్లా అప్పటి రూలు ఒక ముక్కలో చెప్పు.

టోర్నీ మారితే రూలూ మారుతుంది. దక్షిణ అమెరికా క్లబ్‌ల కోపా లిబెర్తదోరెస్‌లో ఫైనల్ తప్ప మిగతా నాకౌట్లలో అగ్రిగేట్ సమమైతే నేరుగా పెనాల్టీలే. క్లబ్ వరల్డ్ కప్‌లో అసలు రెండో లెగ్ ఉండదు, ఒక్క మ్యాచ్‌తో సరి. 2025లో సౌదీ క్లబ్ అల్ హిలాల్ ఎక్స్‌ట్రా టైమ్‌లో 4-3తో మాంచెస్టర్ సిటీని ఇంటికి పంపింది అలాగే. మ్యాచ్‌కి ముందు రోజు ఆ టోర్నీ నిబంధనల్లో టై-బ్రేక్ పేజీ ఒకసారి చదువుకో. నాకు తెలుసులే అనుకోవద్దు. 1971లో రిఫరీయే అలా అనుకున్నాడు.

యూరప్‌లో అప్పటి టోర్నీ కప్ విన్నర్స్ కప్, రేంజర్స్, స్పోర్టింగ్. గ్లాస్గోలో రేంజర్స్ 3-2, లిస్బన్‌లో ఎక్స్‌ట్రా టైమ్ కూడా కలిపి స్పోర్టింగ్ 4-3. మొత్తం 6-6. బయట మైదానంలో రేంజర్స్ మూడు కొట్టింది, స్పోర్టింగ్ రెండే కొట్టింది, అంటే రేంజర్స్ గెలిచినట్టే. రిఫరీ అది మరిచి పెనాల్టీలు కొట్టించాడు. స్పోర్టింగ్ గెలిచి పండగ చేసుకుంది. తర్వాత రూలు పుస్తకం తీసి చూస్తే తేలింది, ఆ షూటౌట్ చెల్లదని. రేంజర్స్ ఆ సీజన్‌లో కప్పే గెలిచింది. ఆ రాత్రి ప్రెస్‌బాక్స్‌లో నేను ఉంటే ఏం రాసేవాణ్నో ఊహించుకుంటే ఇప్పటికీ చెమట పడుతుంది.

షూటౌట్లు రాకముందు ఏం చేసేవారో తెలుసా? 1965లో లివర్‌పూల్, కొలోన్ మూడు మ్యాచ్‌లు ఆడినా తేలలేదు. మూడోది రోటర్‌డామ్‌లో 2-2. చివరికి ఒకవైపు ఎరుపు, ఒకవైపు తెలుపు ఉన్న బిళ్ల ఎగరేశారు. అది బురదలో నిలువుగా దిగబడిపోయింది! మళ్లీ ఎగరేస్తే లివర్‌పూల్‌కి పడింది. నీ రిపోర్టుతో దీనికి పనిలేదు, నాకు ఇష్టం కాబట్టి చెప్పాను.

చూడటం గురించి ఒక్క మాట. 2019 మే 7, ఆన్‌ఫీల్డ్. బార్సిలోనాకి మొదటి లెగ్‌లో 3-0 ఆధిక్యం. లివర్‌పూల్ ఆ మూడూ తిరిగిచ్చేసింది. 79వ నిమిషంలో కార్నర్ వచ్చింది. నేను టీవీ ముందు తల వంచుకుని ‘79, కార్నర్, కుడివైపు’ అని రాసుకుంటున్నాను. తల ఎత్తేసరికి గోల్ పడి ఉంది. రీప్లేలో చూశాను: బంతి అందించే కుర్రాడు చప్పున బంతి ఇచ్చాడు. లివర్‌పూల్ ఆటగాడు అలెగ్జాండర్-ఆర్నాల్డ్ దాన్ని పెట్టి రెండడుగులు పక్కకి వేశాడు, ఇంకెవరో వచ్చి కొడతారన్నట్టు. ఒక్కసారిగా వెనక్కి తిరిగి తన్నేశాడు. బార్సిలోనా డిఫెండర్లు బంతి వైపు చూడనే లేదు. గోల్ కొట్టిన ఒరిగీ ఒక్కడే చూశాడు. నేను ఆ డిఫెండర్ల జట్టులో చేరిపోయాను. బంతి ఆగినప్పుడు రాసుకోవడం మనందరికీ ఉన్న అలవాటు. నాకౌట్ చివరి ఇరవై నిమిషాల్లో అది మానుకో. బంతి ఆగినప్పుడు ఎవరు ఎవర్ని పట్టుకుని నిలబడ్డారో, బెంచీ మీద నుంచి ఎవరు అరుస్తున్నారో చూడు. నిమిషాలు ఎలాగూ తర్వాత దొరుకుతాయి.

కార్డుల లెక్క చిన్నదే కానీ వదలకు. చాంపియన్స్ లీగ్‌లో మూడు ఎల్లో కార్డులైతే ఒక మ్యాచ్ నిషేధం, క్వార్టర్స్ అయ్యాక అవి చెరిగిపోతాయి. 2019లో అయాక్స్ మీద మొదటి లెగ్ 2-1తో గెలుస్తుండగా రియల్ మాడ్రిడ్ డిఫెండర్ సెర్జియో రామోస్ కావాలనే కార్డు తెచ్చుకున్నాడు, రెండో లెగ్ మానేస్తే తర్వాత హాయిగా ఆడొచ్చని. రెండో లెగ్‌లో అయాక్స్ మాడ్రిడ్‌కి వచ్చి 4-1తో కొట్టింది. ఆ ‘తర్వాత’ రానే లేదు. మొదటి లెగ్ రిపోర్టు చివర ఎవరు రెండో లెగ్‌కి ఉండరో ఒక వాక్యం తప్పకుండా ఉండాలి.

షూటౌట్ దగ్గర చెయ్యి వణుకుతుంది. మామూలే. ప్రతి కిక్‌కీ పేరు, బంతి ఎటు వెళ్లింది, కీపర్ ఎటు దూకాడు, ఈ మూడే రాసుకో. రాశాక ఒక ఊపిరి తీసుకుని స్కోరు మార్చు. 2025 మార్చిలో అట్లెటికో, రియల్ షూటౌట్‌లో అట్లెటికో ఆటగాడు హులియాన్ అల్వారెజ్ జారుతూ కొట్టిన బంతి నెట్‌లో పడింది. నేను 2-2 అని వేసేశాను. తర్వాత చెప్పారు, కొట్టేటప్పుడు రెండో కాలికి కూడా బంతి తగిలింది, చెల్లదని. అల్వారెజ్ ‘మిస్ చేశాడు’ అని రాసిన కాపీలు మర్నాడు చూశాను. మిస్ ఎక్కడ చేశాడు? కొట్టాడు, రద్దయింది. ఆ తర్వాత ఫుట్‌బాల్ రూల్స్ రాసే సంస్థ ఐఎఫ్ఏబీ ఆ రూలుకి వివరణ ఇచ్చింది: పొరపాటున రెండుసార్లు తగిలి గోల్ పడితే మళ్లీ కొట్టించాలని. ఇంకోటి, ఆ రాత్రి మ్యాచ్ గెలిచింది అట్లెటికో, 1-0తో. అగ్రిగేట్ 2-2. రియల్ గెలిచింది షూటౌట్, 4-2తో. హెడ్డింగ్‌లో ‘రియల్ 4-2తో గెలుపు’ అని డెస్క్ వాళ్లు పెడితే, చిన్నదానివని ఊరుకోకు, మార్పించు.

ఓడిన జట్టుకి కూడా రెండు పేరాలు ఉంచు. ఎలిమినేట్ అయిన కోచ్ ప్రెస్‌మీట్‌లో తొలి ప్రశ్నకి చెప్పే జవాబు బట్టీపట్టిందే ఉంటుంది. నాలుగో ప్రశ్న దాకా కూర్చో.

ఈ వారం మొదటి లెగ్ రాశాక కాపీ నాకు పంపు, ఎర్ర గీతలు పెట్టి వెనక్కి ఇస్తాను. మొదటి లెగ్ రాసుకున్న పేజీ చింపకు. రెండో లెగ్‌కి దాని ఎదుటి పేజీలో గడులు గీసుకో, రెండూ పక్కపక్కన ఉంటే లెక్క కోసం వెతుక్కోనక్కర్లేదు. పెన్నులు రెండు పెట్టుకో.

ఆశీస్సులతో,
పెదనాన్న